జోనీ మిచెల్, మా అమ్మ బిరడలు

మా ఇంట్లో పొద్దున్నే మొదట వినిపించేది పాట కాదు, బిరడ కిర్రుమన్న చప్పుడు. అమ్మ తెనాలిలో వీణ, గాత్రం పాఠాలు చెప్పేది. ఏడింటికి పిల్లలు వచ్చేలోగా రెండు వీణలూ శ్రుతి చేసి పెట్టాలి. సారణి తీగ మీటడం, చెవి ఒగ్గడం, బిరడను గోరంత తిప్పడం, మళ్ళీ మీటడం. రాత్రి కుదిరిన శ్రుతి తెల్లారేసరికి ఎందుకు జారిపోతుందో నాకు అర్థమయ్యేది కాదు. "వీణ కూడా నిద్ర లేవాలి కదే" అనేది అమ్మ. ఆ పది నిమిషాలు నాకు మహా విసుగు. పాట కోసం కూర్చున్నవాళ్ళకు ఈ కిర్రు కిర్రు ఎందుకు? స్వరజతుల దగ్గర నా వీణ చదువు ఆగిపోవడానికి ఆ విసుగే సగం కారణం. మిగతా సగం నా వేళ్ళు.

తన పాటలు తనే రాసి పాడుకునే కెనడా గాయని జోనీ మిచెల్ గురించి రాద్దామని కూర్చుంటే కలం తెనాలి వెళ్ళి కూర్చుంది. పోనీలెండి, అక్కడి నుంచే వస్తాను.

1994 సెప్టెంబరులో కెనడాలోని సస్కటూన్ వెళ్ళాను. బాపట్ల వ్యవసాయ కళాశాల డిగ్రీ, రెండు సూట్‌కేసులు, అందులో ఒకదాని నిండా ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి. సస్కాచువన్ విశ్వవిద్యాలయంలో నా పరిశోధన మైసూరుపప్పు మీద. మనం ఎర్రపప్పు అని కూడా అనే ఆ పప్పుకు ఆ ప్రేరీ మైదానాలు పెట్టింది పేరు. మన దేశం దిగుమతి చేసుకునే ఎర్రపప్పులో పెద్ద వాటా కెనడాదే. అంత దూరం వెళ్ళి నేను చేసిన పని, గ్రీన్‌హౌస్‌లో కూర్చుని పప్పు మొక్కల ఆకుల మీద తెగులు మచ్చలు లెక్కపెట్టడం. బయట సున్నాకు 30 డిగ్రీల కింద చలి. లోపల తెనాలి మార్చి నెల.

ఆ గ్రీన్‌హౌస్ చూసుకునే టెక్నీషియన్ ఒకావిడ సాయంత్రాలు నన్ను తన పాత పికప్ ట్రక్కులో హాస్టలు దగ్గర దింపేది. ట్రక్కులో ఒకటే కాసెట్ తిరిగేది. 1971లో వచ్చిన జోనీ ఆల్బమ్ 'బ్లూ'. "మా ఊరి అమ్మాయి" అని మొదటి రోజే చెప్పింది, గుడివాడ వాళ్ళు ఘంటసాల గురించి చెప్పినంత ధీమాగా. మా ఊరి అన్నది కాస్త సాగదీసిన మాటే. జోనీ పుట్టింది 1943లో, పక్క రాష్ట్రమైన అల్బర్టాలోని ఫోర్ట్ మెక్లౌడ్‌లో. సస్కటూన్ వచ్చేసరికి పదేళ్ళు దాటాయి. అయినా ఆ ఊరి నడిమి వయసు వాళ్ళందరికీ ఆమె మేనకోడలి వరస.

మొదట్లో ఆ గొంతు నాకు నచ్చలేదు. ఉన్నట్టుండి పైస్థాయికి ఎగిరి, అక్కడ కాసేపు రెక్కలు కొట్టుకుని, మళ్ళీ నేలకు వాలే గొంతు. మన చెవికి గమకం కావాలి. ఇక్కడ గమకం ఉండవలసిన చోట గెంతు ఉంది. కాసెట్‌లో పది పాటలు, అన్నీ కలిపి అరగంట పైచిలుకు. మా ప్రయాణం పావుగంట. అంటే రోజుకు సగం కాసెట్. రెండు నెలలు గడిచేసరికి, నాకు తెలియకుండానే, రేపటి సగం ఏ పాటతో మొదలవుతుందా అని లెక్కవేసుకోవడం మొదలుపెట్టాను.

డిసెంబరు చివర హాస్టలు ఖాళీ అయింది. ఆవిడ సెలవులకు వెళుతూ ఆ కాసెట్ నా చేతిలో పెట్టింది. అందులో 'రివర్' అనే పాట ఉంది. అందరికీ తెలిసిన క్రిస్మస్ వరసతో పియానో మొదలై, నాలుగడుగులు వేయగానే దిగులులోకి జారిపోతుంది. గడ్డకట్టిన నది మీద జారుకుంటూ ఎటైనా వెళ్ళిపోవాలని ఉంది అనే పాట. ఒక మధ్యాహ్నం ఉన్న స్వెటర్లన్నీ వేసుకుని వంతెన దాకా నడిచాను. సౌత్ సస్కాచువన్ నది అంచుల్లో తెల్లగా గడ్డకట్టి, నడుమ నల్లగా పారుతోంది. ఆ నల్లటి నీటి మీద నుంచి పొగలు లేస్తున్నాయి. ఫోను నిమిషానికి ఎన్ని డాలర్లో గడియారం పెట్టుకుని మాట్లాడే రోజులవి. అప్పటికి అమ్మ గొంతు విని పదిహేను రోజులైంది.

ఆ శీతాకాలంలోనే ఇంకో సంగతి జరిగింది. మా అంతస్తులో ఒక ఇంజినీరింగ్ కుర్రాడు గిటారు వాయించేవాడు. నా గదిలో మోగే 'లిటిల్ గ్రీన్' విని, అది వాయిస్తానని పట్టుబట్టాడు. గంటసేపు కుస్తీ పట్టాడు. వేళ్ళు ఎక్కడ పెట్టినా దగ్గరగా వస్తోంది తప్ప ఆ ధ్వని రావడం లేదు. మర్నాడు ఎవరినో అడిగి తెలుసుకుని వచ్చాడు. నా కళ్ళ ముందే కింది రెండు తీగలూ, చిట్టచివరి తీగా వదులు చేశాడు. కీలు తిప్పుతుంటే ఒక్కో తీగ మూలుగుతూ కిందికి జారింది. ఎడమచేతిని గిటారు మీద నుంచి పూర్తిగా తీసేసి, కుడిచేత్తో ఊరికే ఆరు తీగల మీద ఒక్క మీటు మీటాడు. గది నిండా ఆ పాట రంగు పరుచుకుంది. ఇంకా పాట మొదలు కాలేదు, వేలు పడలేదు, అంతా శ్రుతిలోనే ఉంది.

తెనాలి వసారాలో ఏడేళ్ళ పాటు నేను విసుక్కున్నది దీని గురించా అనుకున్నాను.

మామూలుగా గిటారు ఆరు తీగలకూ ఒక స్థిరమైన కొలత ఉంటుంది. లోకంలో ఎక్కువమంది దాన్ని మార్చరు. కొన్ని స్వరాలు గుత్తిగా మోగాలంటే ఎడమచేతి వేళ్ళు మూడు నాలుగు చోట్ల గట్టిగా నొక్కి పట్టాలి. జోనీ ఎడమచేతికి ఆ బలం లేదు. 1953లో, తొమ్మిదేళ్ళ వయసులో, ఆమెకు పోలియో వచ్చింది. కెనడాను పోలియో అన్నిటికన్నా గట్టిగా దెబ్బతీసిన సంవత్సరం అది. సుమారు 9 వేల మందికి సోకింది. ఆ పిల్ల ఇంటికి దూరంగా సస్కటూన్ ఆసుపత్రిలో చాలాకాలం ఉండి, చివరికి లేచి నడిచింది. కానీ ఎడమచెయ్యి బలహీనంగానే మిగిలిపోయింది. తర్వాత పాటలు మొదలుపెట్టినప్పుడు, చెయ్యి చేయలేని పనిని తీగలకు అప్పగించింది. తీగలనే ముందుగా ఒక గుత్తిగా శ్రుతి చేసిపెడితే, ఒకటి రెండు వేళ్ళతో పాట నడిచిపోతుంది. ఒక్కో పాటకు ఒక్కో శ్రుతి. అలా ఆమె వాడిన శ్రుతులు 50కి పైనే.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. జోనీ గురించి ఎవరు రాసినా ఒక మాట రాస్తారు: జానపద బాణీలో మొదలుపెట్టి, ప్రయోగాల మోజులో పడి జాజ్ వైపు వెళ్ళిందని. మోజు అనే మాట దగ్గరే నాకు పేచీ. తీగలు వదులు చేసిన రోజునే ఆమె దారి మారడం ఖాయమైపోయింది. ఆ శ్రుతుల్లో పలికే గుత్తులు పుస్తకాల్లో ఉండేవి కావు. పూర్తిగా సంతోషం కాదు, పూర్తిగా దుఃఖమూ కాదు, వాక్యం ముగియకుండా నిలబడిపోయినట్టు ఉంటాయి. ప్రశ్నలు అడిగే గుత్తులు అని ఆమే వాటికి పేరు పెట్టుకుంది. పక్కన వాయించడానికి కూర్చున్న రాక్ వాద్యకారులకు అవి కొరుకుడు పడేవి కావు. నువ్వు జాజ్ వాళ్ళను వెతుక్కుంటే మేలని ఒక డ్రమ్మర్ సలహా ఇచ్చాడట. ఆమె ఎన్నోసార్లు చెప్పుకున్న సంగతి ఇది. 1974 నాటి 'కోర్ట్ అండ్ స్పార్క్'లో టామ్ స్కాట్ జాజ్ బృందం ఎల్.ఎ. ఎక్స్‌ప్రెస్ వచ్చి కూర్చోగానే ఆ ముడి విడిపోయింది. అప్పటిదాకా ఆమె చేసినవాటిలో బాగా అమ్ముడుపోయినదీ అదే. చెయ్యి నుంచి తీగకు, తీగ నుంచి గుత్తికి, గుత్తి నుంచి జాజ్‌కు. ఇందులో మోజు ఎక్కడుంది?

ఇంత తెలివిగా ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పట్లో నేను ఆ మోజు అన్నవాళ్ళ గుంపులోనే ఉన్నాను.

బ్రాడ్‌వే వీధిలో పాత కాసెట్లు, రికార్డులు అమ్మే ఒక కొట్టు ఉండేది. మొదటి ఏడాది జీతం మిగుల్చుకుని అక్కడ ఆమె పాటలు ఒక్కొక్కటే కొన్నాను. 'క్లౌడ్స్', 'లేడీస్ ఆఫ్ ది కాన్యన్' తేనెలా దిగాయి. గిటారు, పియానో, ఆ ఎగిరే గొంతు. తర్వాత 1975 నాటి 'ది హిస్సింగ్ ఆఫ్ సమ్మర్ లాన్స్' తెచ్చాను. మొదటి పాట సరదాగా సాగిపోయింది. రెండోది 'ది జంగిల్ లైన్' మొదలుకాగానే నా కాసెట్ ప్లేయర్ చెడిపోయిందనుకున్నాను. ఆగకుండా డోళ్ళు. వాటి మీద తుమ్మెద గొంతులో ఏదో యంత్రం గుర్రుమంటోంది. కాసెట్ తీసి, పెన్సిల్ దూర్చి చుట్టి, మళ్ళీ పెట్టాను. అదే గుర్రు. ఆ డోళ్ళు ఆఫ్రికాలోని బురుండి వాద్యకారులవని, ఆ గుర్రు మూగ్ సింథసైజర్‌దని తర్వాత తెలిసింది. ఎక్కడో ముద్రించి ఉంచిన వాద్యాన్ని తెచ్చి దాని మీద తన పాట కట్టడం, తర్వాతి తరంలో అందరూ చేసిన పని, 1975లో ఆమె చేసింది. నాకేం తెలుసు? మూడు డాలర్లు దండగ అనుకున్నాను. ఆ రోజుల్లో విమర్శకులు కూడా చాలామంది అలాగే అనుకున్నారు లెండి, వాళ్ళకు డాలర్లు ఖర్చు కాకపోయినా.

1974 నాటి కచేరీల ఆల్బమ్ ఒకటుంది. అందులో పాటకూ పాటకూ మధ్య జనం పాత పాటల పేర్లు చెప్పి అరుస్తుంటారు. ఆమె నవ్వి, చిత్రకారుడు ఒక బొమ్మ వేస్తే అది అయిపోతుంది, ఆ నక్షత్రాల రాత్రి బొమ్మ మళ్ళీ వెయ్యవయ్యా అని వాన్ గో‌ను ఎవరూ అడగలేదు కదా అంటుంది. ఆమె నిజంగానే చిత్రకారిణి. చాలా ఆల్బమ్‌ల అట్టల మీద బొమ్మలు ఆమె వేసినవే. ఆ మాట విన్న ప్రతిసారీ జనంలో అరిచినవాళ్ళలో నా గొంతు కూడా వినిపించి సిగ్గేస్తుంది. వయసు ఇరవై మూడు, సస్కటూన్‌లో ఒంటరిగా ఉన్నాను, నాకు 'బ్లూ' కావాలి, ఆవిడ జీవితాంతం అదే పాడుతూ ఉండాలి. ఇలాంటి అభిమానులు దొరికినవాళ్ళ ఖర్మ.

నన్ను మార్చింది విమర్శలు కాదు, ఒక రోడ్డు. చదువు పూర్తయ్యాక అమెరికాలోని ఫార్గోలో ఉద్యోగం వచ్చింది. 1999 అక్టోబరులో సామానంతా ఒక పాత కారులో కుక్కుకుని ఒక్కదాన్నే బయలుదేరాను. ఆ మైదానాల్లో రోడ్డు మలుపు తిరగదు. గంటకు ఒక ధాన్యపు గోదాము కనిపిస్తుంది, అది దగ్గరకు రావడానికి ఇంకో పావుగంట. చేతికందిన కాసెట్ పెట్టాను. 'హెజీరా', 1976. కొని నాలుగేళ్ళైనా రెండుసార్లకు మించి వినలేదు. వరసలు గుర్తుండవని, పల్లవి లేదని, అన్నీ ఒకేలా ఉన్నాయని పక్కన పడేసినది. జోనీ అమెరికా తూర్పు తీరం నుంచి లాస్ ఏంజెలెస్ దాకా ఒక్కతే కారు నడుపుకుంటూ వచ్చిన రోజుల్లో రాసిన పాటలవి. ఆ పేరు కూడా అరబ్బీ మాట. మన క్యాలెండర్లలో చూసే హిజ్రీ శకంలోని మాటే అది. ఉన్న చోటు విడిచి వెళ్ళడమని అర్థం.

పల్లవి ఎందుకు లేదో అరగంటలో తెలిసింది. ఆ రోడ్డుకు పల్లవి లేదు. వెనక్కి వచ్చే చోటంటూ లేదు. గిటారు ఒకే అలలా కొట్టుకుంటూ పోతోంది. దాని కింద ఇంకో గొంతు పాడుతోంది. మొదట అది గొంతనే అనుకున్నాను. జాకో పాస్టోరియస్ వాయించిన బేస్ గిటారు. మెట్లు లేని బేస్. తొమ్మిది పాటల్లో నాలుగింటిలోనే ఉంటాడు గానీ, ఆల్బమ్ అంతటా ఉన్నట్టు అనిపిస్తుంది. మామూలు బేస్ కింద కూర్చుని తాళం మోస్తుంది. ఇతడిది ఆమె పాడుతున్నంతసేపూ పక్కన నడుస్తూ, ఆమె ఆగిన చోట అందుకుని, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా జారుతుంది. అయిదేళ్ళుగా నా చెవి వెతుక్కుంటున్న జారు అక్కడ దొరికింది.

2003లో అమ్మ ఆరు నెలలు ఫార్గో వచ్చి ఉంది. కారులో వెళుతుంటే 'హెజీరా' పెట్టాను, ఏమంటుందో చూద్దామని. ఇంగ్లీషు పాటలంటే అమ్మకు పట్టదు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. రెండు నిమిషాల తర్వాత తల ఇటు తిప్పింది.

"ఆ కింద మోగేది గోటువాద్యమా?"

గోటువాద్యమంటే మెట్లు లేని వీణ. కాదమ్మా, బేస్ గిటారు, మెట్లు పీకేసినది అన్నాను.

"అదే మరి. మెట్లు లేకపోతే చెవే మెట్టు" అంది, తనలో తనే చెప్పుకుంటున్నట్టు. మళ్ళీ కాసేపటికి, "ఆవిడ గొంతు బాగానే ఉంది గానీ, ఎందుకంత తొందర తొందరగా మాటలు కుక్కేస్తోంది?" అంది. అదీ నిజమే. 'హెజీరా'లో మాటలు స్వరాలకు సరిపోక పక్కలకు పొంగుతుంటాయి. నాకదే ఇష్టం. అమ్మకు కాదు. ఆ విషయంలో మేమిద్దరం ఇప్పటికీ రాజీ పడలేదు.

తర్వాత వచ్చిన 1977 నాటి జంట ఆల్బమ్‌లో 'పాప్రికా ప్లెయిన్స్' అనే పాట ఒక రికార్డు ముఖమంతా ఆక్రమించుకుంటుంది. పదహారు నిమిషాలు. మధ్యలో చాలాసేపు మాటలే ఉండవు, పియానో, దాని చుట్టూ పెద్ద వాద్యబృందం. ఆమె చిన్నప్పటి ప్రేరీ వానలు, ధూళి, అక్కడి ఆదివాసులు, అన్నీ కలలో వచ్చినట్టు వస్తాయి. ఆ నేల మీద అయిదు శీతాకాలాలు గడిపినదాన్ని కనుక నాకు ఆ పదహారు నిమిషాలూ చాలవు. వేరే ఎవరికైనా ఇది వినండి అని మాత్రం చెప్పను. చెప్పి తిట్లు తిన్నాను.

ఈ పాటకు సంబంధించి ఒక ముచ్చట ఉంది. పియానో భాగాలను నెలల తేడాతో వేర్వేరు రోజుల్లో వాయించి, తర్వాత ముక్కలుగా అతికారు. ఆ మధ్యలో పియానోను మళ్ళీ శ్రుతి చేశారు. దాంతో పైన వాయించిన తీగవాద్యాలకు కొన్ని చోట్ల పియానోతో వెంట్రుకవాసి తేడా వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. జాజ్ దిగ్గజం చార్లెస్ మింగస్ పట్టుకున్నాడు. నరాల జబ్బుతో చక్రాల కుర్చీకి పరిమితమైన మనిషి, తన వరసలకు మాటలు రాయమని జోనీని పిలిపించుకున్నాడు. ఆమె రాగానే చెప్పిన మొదటి సంగతి, నీ పాటలో తీగలు శ్రుతి తప్పాయని. ఆమెకు కోపం రాలేదు, అతడి మీద గురి కుదిరింది. మింగస్ 1979 జనవరిలో, 56 ఏళ్ళకు పోయాడు. అతడి పేరుతోనే ఆ ఏడాది వచ్చిన ఆల్బమ్ ఆమె వెళ్ళినంత దూరం. రేడియోలకు పనికిరాదు, అమ్మకాలు పడిపోయాయి. అభిమానుల్లో సగం మంది అక్కడితో సెలవు తీసుకున్నారు. నాకూ అందులో రెండు పాటలే వంటబట్టాయి.

1980లలో చేసిన సింథసైజర్ పాటల జోలికి పోను. ప్రయోగమన్నంత మాత్రాన అన్నీ పండాలని లేదు. అప్పటి యంత్రాల చప్పుళ్ళు అప్పటి భుజాల జాకెట్లలా ఆ దశాబ్దంలోనే ఉండిపోయాయి.

1995 ప్రాంతంలో జరిగింది మాత్రం చెప్పాలి. అప్పటికి జోనీ కచేరీలు మానేద్దామనే ఆలోచనలో ఉంది. కారణం తెలిసి నాకు నవ్వూ వచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి: బిరడలు. పాటకొక శ్రుతి కావడంతో పాటకూ పాటకూ మధ్య తీగలు సరిచేయడంతోనే సరిపోతోంది. ఎంత సరిచేసినా నిలబడవు. అప్పుడు రోలండ్ కంపెనీ వి.జి.-8 అనే పెట్టె చేతికొచ్చింది. గిటారు తీగలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. పెట్టె మాత్రం ఏ పాటకు ఏ శ్రుతి కావాలో ఆ శ్రుతిలో ధ్వనిని మార్చి పలికిస్తుంది. ఒక మీట నొక్కితే చాలు. ఆమె మళ్ళీ వేదికెక్కింది. అమ్మకు ఈ సంగతి ఫోనులో చెబితే, "ఎంత సుఖం" అంది. క్షణం ఆగి, "అయితే పొద్దున్నే ఏం చేస్తుందట?" అంది.

ఈలోగా గొంతు కూడా మారిపోయింది. సిగరెట్లు కొంత, వయసు కొంత. 'బ్లూ'లో ఎగిరిన పిట్ట లేదు. 2000లో 'బోత్ సైడ్స్ నౌ' అనే ఆల్బమ్ వచ్చింది. ఇరవై మూడేళ్ళప్పుడు విమానంలో కూర్చుని, కిటికీలోంచి మబ్బులు చూస్తూ మొదలుపెట్టిన పాటను, 1969లో గిటారు ఒక్కటే పట్టుకుని పాడిన పాటను, లండన్‌లో పెద్ద వాద్యబృందంతో, విన్స్ మెండోజా కూర్పుతో, 55 దాటిన గొంతుతో మళ్ళీ పాడింది. వరస అదే, మాటలు అవే. వేగం సగం, శ్రుతి బాగా కింద. చేతిలో గిటారు కూడా లేదు. నా లెక్కలో ఆమె చేసిన ప్రయోగాలన్నిటిలో ఇదే పెద్దది. డోళ్ళూ మూగ్‌లూ దీని తర్వాతే.

అమ్మ గొంతు కూడా ఆ ఏళ్ళలోనే దిగింది. నా చిన్నప్పుడు గాత్రం పాఠానికి శ్రుతి పెట్టె అయిదు మీద ఉండేది. నా పెళ్ళి నాటికి నాలుగున్నర. తర్వాత నాలుగు. ఒకసారి ఇంటికి వెళ్ళినప్పుడు చూస్తే ఆ పెట్టె మీద గుండ్రటి మీట మూడు దగ్గర ఉంది. పక్కనే పాత అయిదు దగ్గర, అరిగిపోయి అంకె కనిపించని చోటు. పిల్లలకు వినిపించకుండా తలుపు వేసుకుని పాడుకునేది. ఎందుకమ్మా అంటే, "పై షడ్జం అందదే. అందనిదాన్ని పిల్లల ముందు పాడితే వాళ్ళకు అదే అలవాటవుతుంది" అంది.

2024 ఫిబ్రవరిలో నేను తెనాలిలోనే ఉన్నాను. అంతకు తొమ్మిదేళ్ళ ముందు, 2015లో, జోనీకి మెదడులో రక్తనాళం చిట్లింది. మళ్ళీ మాట్లాడటం, నడవటం నేర్చుకోవలసి వచ్చింది. గిటారు మీద వేళ్ళు ఎక్కడ పెట్టాలో తన పాత వీడియోలు చూసి నేర్చుకుంది. తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి, డెబ్బైల్లో ఇంకోసారి. 2022లో అమెరికాలోని న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో జనానికి చెప్పకుండా వచ్చి కూర్చుని పాడింది. ఆ ఫిబ్రవరి 4న, 80 ఏళ్ళ వయసులో, మొదటిసారి గ్రామీ వేదిక మీద పాడింది. మర్నాడు వసారాలో కూర్చుని ఫోనులో అది చూస్తున్నాను. పెద్ద కుర్చీలో, చేతికర్ర పట్టుకుని, 'బోత్ సైడ్స్ నౌ'.

అమ్మ పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. జోనీ కంటే రెండేళ్ళు చిన్న. చెయ్యి ఆగలేదు గానీ, చెవి ఇటే ఉందని తెలుస్తోంది. పాట అయిపోయాక, ఊరుకోలేక, 1969 నాటిది కూడా పెట్టాను. గిటారు, ఆ పిట్ట గొంతు.

"ఇది వాళ్ళమ్మాయి పాడిందా?" అంది అమ్మ.

నాకు వెంటనే మాట రాలేదు. కాదమ్మా, ఇదీ ఆవిడే, అప్పటిది అని చెప్పి ఊరుకోవచ్చు. చెప్పాను. కానీ ఆ పైన మిగతాది కూడా చెప్పవలసి వచ్చింది. 1965లో, చేతిలో చిల్లిగవ్వ లేని రోజుల్లో, పెళ్ళి కాకుండా, ఆమెకు ఒక ఆడపిల్ల పుట్టింది. పెంచుకోలేక దత్తత ఇచ్చేసింది. లోకానికి చెప్పలేదు. 'బ్లూ'లో ఆ 'లిటిల్ గ్రీన్' ఆ పాప గురించే. హాస్టలు గదిలో ఆ కుర్రాడు మూడు తీగలు దించి వాయించిన రోజున అదొక జోలపాట అనుకున్నాం మేము. 1997లో తల్లీ కూతురూ కలుసుకున్నారని వార్త వచ్చినప్పుడు గ్రీన్‌హౌస్‌లో ఆ టెక్నీషియన్ ఆవిడ పత్రిక నా ముందు పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళి మొక్కలకు నీళ్ళు పోసింది.

అమ్మ అంతా విని, ఒడిలో ఉన్న ఈనెలు దులిపి, పళ్ళెం పక్కకు జరిపింది.

"అదలా ఉంచు. ఇందాకటి దాంట్లో చూశావా, ఊపిరి చాలని చోటల్లా ఆగింది. చిన్నప్పుడు అక్కడ ఆగలేదు, గబగబా దాటేసింది. ఆగిన చోటల్లా ఇప్పుడు ఒక కొత్త సంగతి పడింది."

నేను గమనించలేదు. ముప్పై ఏళ్ళుగా వింటున్నాను.

లోపల నుంచి శ్రుతి పెట్టె వినిపిస్తోంది. సాయంత్రం పాఠానికి వచ్చిన పిల్ల ముందే వచ్చి పెట్టినట్టుంది. అమ్మ లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"ఇంకోసారి పెట్టు. ముసలావిడది."